ఫార్మాట్ కొట్టే ముందు

యాసంగి వడ్లు కల్లాలకు చేరే ఏప్రిల్, మే నెలల్లో నిజామాబాద్ జిల్లా వర్ని, రుద్రూరు, కోటగిరి, బోధన్ వైపు కంప్యూటర్ మీద పనిచేసేవాళ్లకు తల ఎత్తే తీరిక ఉండదు. వడ్ల కొనుగోలు లెక్కలు ఎక్కించేవాళ్లు, రైస్ మిల్లుల్లో టాలీ రాసే గుమాస్తాలు, సహకార సంఘాల సిబ్బంది, మీసేవ ఆపరేటర్లు, పెళ్లి పత్రికలు కొట్టే డీటీపీ సెంటర్ల వాళ్లు, అందరి పనీ అప్పుడే ముంచుకొస్తుంది. గాలిదుమారాలకు కరెంటు పోయి వచ్చి, వచ్చి పోయేదీ ఆ రోజుల్లోనే. అలాంటి ఒక రాత్రి గడిచాక పొద్దున స్విచ్ వేస్తే కంప్యూటర్ లోపలికి రానివ్వదు. నీలం తెర మీద రిజిస్ట్రీ ఎర్రర్ అనో, బ్యాడ్ సిస్టమ్ కాన్ఫిగ్ ఇన్ఫో అనో కనిపిస్తుంది. లేదా రిపేరు చేస్తున్నానంటూ తిరిగి తిరిగి మొదటికే వస్తుంది.

అప్పుడు ఎవరిని అడిగినా ఒకటే మాట: "ఫార్మాట్ కొట్టాలె." మెకానిక్కుకు అది సులువైన పని. కానీ దాంతో పోయేవేమిటో ఒకసారి లెక్క వేసుకోండి. టాలీ లైసెన్సు, వేలిముద్రల మిషను డ్రైవరు, డిజిటల్ సంతకం టోకెన్ సాఫ్ట్‌వేరు, అను ఫాంట్లు, ప్రింటర్ సెట్టింగులు, డెస్క్‌టాప్ మీద పరుచుకున్న ఫైళ్లు. వాటన్నిటినీ మళ్లీ కూర్చుకునేసరికి సీజన్ దాటిపోతుంది. కొన్ని ఎప్పటికీ తిరిగి రావు. రిజిస్ట్రీ పాడైన కంప్యూటర్‌కు ఫార్మాట్ ఆఖరి మెట్టు, మొదటిది కాదు. దానికి ముందు చేయాల్సిన పనులున్నాయి, వాటికి ఒక వరుస ఉంది. ఆ వరుస తప్పితే క్షేమంగా ఉన్న డేటా కూడా చేజారుతుంది.

రిజిస్ట్రీలో ఏముంటుంది

విండోస్ తన సెట్టింగులన్నీ రాసి పెట్టుకునే ఖాతా పేరు రిజిస్ట్రీ. ఏ ప్రింటర్ ఎక్కడ తగిలించి ఉంది, ఏ సాఫ్ట్‌వేరు ఏ ఫోల్డర్‌లో ఉంది, ఏ ఫాంటు ఏ ఫైల్‌లో ఉంది, స్విచ్ వేయగానే ముందుగా ఏ డ్రైవరు లేవాలి, ఇవన్నీ అందులోనే ఉంటాయి. 1992లో వచ్చిన విండోస్ 3.1లో ఇది చిన్నగా మొదలైంది. అప్పట్లో ఎక్కువ సెట్టింగులు ఐఎన్‌ఐ అనే విడివిడి ఫైళ్లలో ఉండేవి, నోట్‌ప్యాడ్‌లో తెరిచి దిద్దుకోగలిగేవాళ్లు. విండోస్ 95 నుంచి రిజిస్ట్రీయే అసలు ఖాతా అయింది.

చూడటానికి ఒకే ఖాతాలా ఉన్నా, డిస్కు మీద ఇది కొన్ని ఫైళ్ల గుంపు. విండోస్ ఫోల్డర్‌లో సిస్టమ్32, అందులో కాన్ఫిగ్ అనే ఫోల్డర్ తెరిస్తే సిస్టమ్, సాఫ్ట్‌వేర్, సామ్, సెక్యూరిటీ, డిఫాల్ట్ అనే అయిదు పెద్ద ఫైళ్లు కనిపిస్తాయి. వీటిని హైవ్‌లు అంటారు. ఇవి మొత్తం కంప్యూటర్‌కు చెందినవి. ఇవి కాక ప్రతి యూజరుకూ తన సొంత ఫోల్డర్‌లో ఎన్‌టీయూజర్ అనే హైవ్ ఒకటి వేరుగా ఉంటుంది. దెబ్బ తగిలింది దేనికో తెలిస్తేనే ఏం చేయాలో తెలుస్తుంది.

పహాణీ చిరిగిపోయినంత మాత్రాన పొలం ఎక్కడికీ పోదు. రిజిస్ట్రీ సంగతీ అంతే. టాలీ డేటా, ఎక్సెల్ షీట్లు, స్కాన్ చేసిన కాగితాలు, పేజ్‌మేకర్ ఫైళ్లు అందులో ఉండవు, డిస్కు మీద వాటి చోట అవి ఉంటాయి. ఇక మీసేవలో పెట్టిన దరఖాస్తులు, భూభారతిలోని భూమి వివరాలు, కొనుగోలు పోర్టల్‌లో సబ్మిట్ చేసేసిన లెక్కలైతే అసలు మీ కంప్యూటర్‌లోనే ఉండవు, సర్వర్‌లో ఉంటాయి. వేరే కంప్యూటర్ నుంచి లాగిన్ అయి ఆ పని నడిపించుకోవచ్చు. అందుకే స్క్రీన్ నీలంగా మారగానే కంగారుపడి ఏదో ఒకటి నొక్కకుండా, ముందు ఫోన్‌తో ఆ స్క్రీన్ ఫొటో తీసుకోండి. అందులో ఉన్న కోడ్ తర్వాత ఎవరికి చూపించినా పనికొస్తుంది. ఆఫీసు కంప్యూటర్ అయితే ఆ ఫొటోను అప్పుడే పై అధికారికి పంపి, సమయం కూడా రాయండి. లెక్కలు ఆలస్యమైతే రేపు జవాబు చెప్పుకోవలసింది మీరే. ఏజెన్సీ వాళ్ల కాంట్రాక్టులో ఉన్న మిషన్‌ను అనుమతి లేకుండా మీరు విప్పకండి.

పాడవడానికి కారణాలు

కరెంటు ఒక్కసారి పోయినంత మాత్రాన రిజిస్ట్రీ మామూలుగా పాడైపోదు. విండోస్ ఏ మార్పునైనా ముందు లాగ్ ఫైల్‌లో రాసుకుని, తర్వాతే హైవ్‌లోకి ఎక్కిస్తుంది. మధ్యలో కరెంటు పోతే, మళ్లీ లేచినప్పుడు లాగ్ చూసుకుని తనే సరిచేసుకుంటుంది. హైవ్‌నే బాగుచేసుకోవాల్సి వచ్చినప్పుడు ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ జనరల్ పేరుతో 5వ నంబరు ఎంట్రీ పడుతుంది, ఫలానా హైవ్ చెడింది, కోలుకుంది అని. చాలామంది దాన్ని చూడనే చూడరు. అది మొదటి హెచ్చరిక. పక్కనే కెర్నల్ పవర్ 41 అనే ఎంట్రీలు వరుసగా ఉంటే కంప్యూటర్ సరిగా షట్‌డౌన్ కాకుండా ఆగిపోతోందని అర్థం. డిస్క్ పేరుతో 7వ నంబరు కనిపిస్తే ఆ డిస్కు మీద చెడిపోయిన చోట్లు ఉన్నట్టు.

ఈ మూడో సంగతి చాలా ముఖ్యం. రిజిస్ట్రీ పాడైందని తెచ్చిన కంప్యూటర్‌లో అసలు రోగం డిస్కుది కావచ్చు. అలాంటి డిస్కు మీద ఫార్మాట్ కొట్టి మళ్లీ విండోస్ ఎక్కిస్తే కొన్నాళ్లకే అదే కథ మొదలవుతుంది. ర్యామ్ చెడినా ఇలాగే అవుతుంది. విండోస్‌లోనే మెమరీ డయాగ్నస్టిక్ అనే పరీక్ష ఉంది, రాత్రి పెట్టి వెళ్తే పొద్దునకు ఫలితం చెబుతుంది.

మిల్లుల్లో పనిచేసేవాళ్లకు ఇంకో కారణం. ఊక దుమ్ము, తవుడు దుమ్ము ప్రాసెసర్ ఫ్యాన్‌లో పేరుకుంటే కంప్యూటర్ వేడెక్కి ఉన్నట్టుండి ఆగిపోతుంది. కరెంటు పోయినప్పుడు జరిగే నష్టమే అప్పుడూ జరుగుతుంది, కానీ కారణం ఎవరికీ తోచదు. సీజన్‌కు ముందొకసారి, సీజన్ అయ్యాక ఒకసారి డబ్బా విప్పించి బ్లోయర్‌తో దుమ్ము కొట్టించండి.

ఇవి కాక మనుషులు తెచ్చిపెట్టుకునేవి రెండున్నాయి. ఒకటి, డబ్బు కట్టకుండా విండోస్ నడిపించే క్రాక్ ఫైళ్లు. అవి రిజిస్ట్రీలో చేయి పెట్టే పనిచేస్తాయి. ఎక్కించేటప్పుడు యాంటీవైరస్‌ను ఆపమని అడుగుతాయి, ఆ సందులో మరేం లోపలికి వస్తుందో తెలియదు. రెండోది, రిజిస్ట్రీ క్లీనర్ అనే సాఫ్ట్‌వేర్లు. వందల తప్పులు దొరికాయని ఎర్ర అక్షరాలతో భయపెట్టి, ఒక్క నొక్కుతో శుభ్రం చేస్తామంటాయి. రిజిస్ట్రీలో అక్కరలేని ఎంట్రీలు ఉన్నంత మాత్రాన కంప్యూటర్ నెమ్మదించదు. అవసరమైనది ఒక్కటి పోతే మాత్రం నిలబడదు. ఇలాంటి క్లీనర్లను తాము సమర్థించబోమని మైక్రోసాఫ్టే చెప్పింది. మీ కంప్యూటర్‌లో ఒకటి ఉంటే ఈరోజే తీసేయండి. రిజిస్ట్రీ చెడింది, ఈ నంబరుకు ఫోన్ చేయండి అంటూ బ్రౌజర్‌లో వచ్చే ప్రకటనలు పచ్చి మోసం. ఫోన్ చేసి, ఎనీడెస్క్‌తో కంప్యూటర్‌ను వాళ్ల చేతికిచ్చి డబ్బు పోగొట్టుకున్నవాళ్లు వెంటనే 1930కు ఫిర్యాదు చేయాలి.

యూజరు ఖాతా ఒక్కటే చెడితే

విండోస్ లేస్తుంది, పాస్‌వర్డు తీసుకుంటుంది, కానీ డెస్క్‌టాప్ బోసిగా ఉంటుంది. మీ ఫైళ్లు లేవు, వాల్‌పేపర్ లేదు. టెంపరరీ ప్రొఫైల్‌తో లోపలికి వచ్చారని మూలన ఒక మాట కనిపిస్తుంది. లేదా యూజర్ ప్రొఫైల్ సర్వీస్ విఫలమైందని చెప్పి బయటే ఆపేస్తుంది. ఇది మీ ఒక్కరి హైవ్‌కు తగిలిన దెబ్బ. మిషన్ బాగానే ఉంది.

ఇక్కడ చేయకూడని పని ఒకటుంది. ఆ బోసి డెస్క్‌టాప్ మీద కూర్చుని పని మొదలుపెట్టకండి. ఆ టెంపరరీ ప్రొఫైల్‌లో దాచినవన్నీ సైన్ అవుట్ కాగానే చెరిగిపోతాయి. పొద్దంతా చేసిన టైపింగు సాయంత్రానికి గాలికి పోతుంది. మీ పాత ఫైళ్లు మాత్రం సి డ్రైవ్‌లో యూజర్స్ అనే ఫోల్డర్‌లో, మీ పాత పేరుతో ఉన్న ఫోల్డర్‌లో అలాగే ఉంటాయి. ముందు వాటిని బయటి డిస్కుకు తీసుకోండి.

ఆ తర్వాత కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేసి చూడండి. షట్‌డౌన్ కాదు, రీస్టార్టే. ఫాస్ట్ స్టార్టప్ ఉన్న కంప్యూటర్‌లో షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా ఆగదు, పాత స్థితిలో కొంత దాచుకుని దాన్నే మళ్లీ లేపుతుంది. రీస్టార్ట్‌తో అంతా కొత్తగా మొదలవుతుంది. ఒకటి రెండుసార్లు చేసినా అలాగే ఉంటే కొత్త యూజరు ఖాతా తెరిచి, పాత ఫోల్డర్ నుంచి డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్ మాత్రం అందులోకి కాపీ చేసుకోండి. ఎన్‌టీయూజర్ పేరుతో మొదలయ్యే ఫైళ్లను తేవద్దు, రోగం కూడా వెంట వస్తుంది. రిజిస్ట్రీ ఎడిటర్ అలవాటున్నవాళ్లు ప్రొఫైల్ లిస్ట్ అనే చోట, చివర బ్యాక్ అని తోక తగిలిన జంట ఎంట్రీ ఉందేమో చూసి పేర్లు మార్చి సరిచేయగలరు. అలవాటు లేనివాళ్లకు కొత్త ఖాతాయే క్షేమం.

డేటా బయటికి తీయడం

విండోస్ అసలు లేవకపోతే, రిపేరుకు ముందే డేటా బయటికి తీయాలి. ఇది చాలామంది మెకానిక్కులు చేయని పని, మీరు పట్టుబట్టి చేయించాల్సిన పని.

రెండు మూడుసార్లు లేవలేకపోతే విండోస్ దానంతట అదే రికవరీ తెరకు వస్తుంది. రాకపోతే, వేరే కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ వాళ్ల మీడియా క్రియేషన్ టూల్‌తో కనీసం 8 జీబీ ఉన్న పెన్‌డ్రైవ్ మీద విండోస్ ఎక్కించి, దాన్ని పెట్టి లేపి, ఇన్‌స్టాల్ అనేది నొక్కకుండా రిపేర్ యువర్ కంప్యూటర్ అనేది ఎంచుకోండి. అక్కడ ట్రబుల్‌షూట్‌లోని అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో కమాండ్ ప్రాంప్ట్ ఉంటుంది. నల్ల తెర చూసి భయపడాల్సిన పని లేదు. అందులో నోట్‌ప్యాడ్ అని టైపు చేసి ఎంటర్ కొట్టండి. నోట్‌ప్యాడ్ తెరుచుకున్నాక ఫైల్‌లో ఓపెన్ నొక్కి, కింద ఆల్ ఫైల్స్ అని మార్చండి. అదే మీకు ఫైళ్లు చూపించే కిటికీ. మీ ఫోల్డర్ల మీద రైట్ క్లిక్ చేసి కాపీ చేసి, పెన్‌డ్రైవ్‌లోనో బయటి హార్డ్ డిస్కులోనో పేస్ట్ చేసుకోవచ్చు. ఒక్క సంగతి గమనించండి: ఇక్కడ డ్రైవ్ అక్షరాలు మారి ఉండవచ్చు. మామూలుగా సి అని పిలిచేది ఇక్కడ డి అయి కూర్చుంటుంది. అక్షరం చూసి కాదు, లోపల విండోస్, యూజర్స్ ఫోల్డర్లు ఉన్నాయా లేవా అని చూసి గుర్తుపట్టాలి.

ఏం తీసుకోవాలి? టాలీ వాడేవాళ్లు డేటా ఫోల్డర్‌లో అంకెల పేర్లతో ఉండే కంపెనీ ఫోల్డర్లను మొత్తంగా తీసుకోవాలి, లోపలి ఫైళ్లను ఏరి తీసుకుంటే పనికిరావు. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ తప్పనిసరి. డీటీపీ వాళ్లు పేజ్‌మేకర్, ఫొటోషాప్ ఫైళ్లతో పాటు విండోస్‌లోని ఫాంట్స్ ఫోల్డర్‌ను కూడా తీసుకోవాలి. అను ఫాంట్లతో కొట్టిన మ్యాటర్ యూనికోడ్ కాదు. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చి ఉంటాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి. ఫైలు పాడైందనుకుని దాన్ని తీసిపారేసే ప్రమాదం ఉంది. ఫైలు చెక్కుచెదరకుండా ఉంటుంది, ఫాంటు ఎక్కిస్తే తెలుగు తిరిగి వస్తుంది.

డిస్కు టిక్కు టిక్కుమని చప్పుడు చేస్తున్నా, కాపీ మధ్యలో పదేపదే ఆగిపోతున్నా అక్కడితో ఆపేయండి. ఇంకా తిప్పితే ఉన్నదీ పోతుంది. అప్పుడు అది డేటా రికవరీ చేసేవాళ్ల పని.

కొత్త ల్యాప్‌టాప్‌లలో ఇంకో అడ్డంకి ఎదురవుతుంది: బిట్‌లాకర్. డిస్కు తాళం వేసి ఉంటుంది, రికవరీ తెరలో 48 అంకెల కీ అడుగుతుంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో కంప్యూటర్ మొదలుపెట్టినవాళ్లకు ఆ కీ ఆ ఖాతాలోనే భద్రంగా ఉండే అవకాశం ఎక్కువ, ఫోన్ నుంచి లాగిన్ అయి చూసుకోవచ్చు. కానీ ఆ ఖాతా షాపు వాడు తన మెయిల్‌తో తెరిచి ఉంటే? కంప్యూటర్ కొన్న రోజునే అడిగి తెలుసుకోవాల్సిన విషయం ఇది. కీ లేకపోతే ఎంత ఇబ్బందో చెప్పే ఉదాహరణ ఒకటుంది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ తప్పుడు అప్‌డేట్ వల్ల ప్రపంచవ్యాప్తంగా దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు పడిపోయాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో ఆ రోజు చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. అక్కడ చెడింది రిజిస్ట్రీ కాదు, అయినా మందు ఇదే రికవరీ తెరలో దొరికింది. ఒక్క ఫైలు తీసేస్తే సరిపోయే పనికి బిట్‌లాకర్ కీ చేతిలో లేక ఎన్నో ఆఫీసులు ఇబ్బంది పడ్డాయి.

రిపేరు వరుస

డేటా చేతికొచ్చాక రిపేరు నిదానంగా చేసుకోవచ్చు. రికవరీ తెరలో మొదట స్టార్టప్ రిపేర్ నడిపించండి. దానితో కాకపోతే సిస్టమ్ రీస్టోర్. పాత తేదీ రీస్టోర్ పాయింట్ ఏదైనా ఉంటే అందులో ఆనాటి రిజిస్ట్రీ కూడా ఉంటుంది. మీ సొంత ఫైళ్లను అది ముట్టుకోదు, ఆ తేదీ తర్వాత ఎక్కించిన సాఫ్ట్‌వేర్లు మాత్రం పోతాయి. రిజిస్ట్రీ చెడిన కంప్యూటర్‌కు నా దృష్టిలో ఇంతకన్నా మంచి మందు లేదు. గొడవ విండోస్ అప్‌డేట్ తర్వాతే మొదలైతే ఆ అప్‌డేట్‌ను తీసేసే వీలు కూడా అక్కడే ఉంది.

రీస్టోర్ పాయింట్ లేకపోతే కమాండ్ ప్రాంప్ట్‌లోకి వెళ్లాలి. డిస్కు ఆరోగ్యంగా ఉందనిపిస్తే చెక్‌డిస్క్ నడపండి. సీ హెచ్ కే డీ ఎస్ కే అనే ఆరు అక్షరాలు, ఖాళీ వదిలి డ్రైవ్ అక్షరం, కోలన్, మళ్లీ ఖాళీ వదిలి స్లాష్ ఎఫ్. ఫైళ్ల అమరికలో తేడాలుంటే సరిచేస్తుంది. ఎస్ఎఫ్‌సీ స్కాన్‌నౌ కొట్టమని చాలామంది చెబుతారు. అది విండోస్ సిస్టమ్ ఫైళ్లను సరిచేస్తుందే తప్ప రిజిస్ట్రీ హైవ్‌లను బాగుచేయదు. కొడితే నష్టం లేదు, దాని మీదే ఆశ పెట్టుకోవద్దు.

తర్వాతి పనికి ముందు కాన్ఫిగ్ ఫోల్డర్ మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి పెట్టుకోండి, పాడైన హైవ్‌లతో సహా. ఇప్పుడు కమాండ్ ప్రాంప్ట్‌లో రెగ్ఎడిట్ అని కొట్టి, హెచ్‌కీ లోకల్ మెషీన్ మీద నొక్కి, ఫైల్ మెనూలో లోడ్ హైవ్ ఎంచుకుని, మీ డిస్కు మీది సిస్టమ్ అనే హైవ్‌ను చూపించండి. ఏదో ఒక పేరు పెట్టమంటుంది, పెట్టండి. తప్పేమీ చూపకుండా తెరుచుకుందంటే హైవ్ పూర్తిగా చెడలేదు, కరెంటు పోయినప్పుడు సరిగా మూసుకోకపోయి ఉండవచ్చు. అదే మెనూలో అన్‌లోడ్ హైవ్ కొట్టి రీస్టార్ట్ చేయండి. మూసుకోని హైవ్ ఇలా సర్దుకునే అవకాశం ఉంది. సాఫ్ట్‌వేర్ అనే హైవ్‌తోనూ ఇదే చేసి చూడండి. తెరవడానికే ఒప్పుకోకపోతే ఆ ఫైల్ నిజంగా పాడైనట్టు, దాని బదులు మంచి నకలు కావాలి.

ఆ నకలు దగ్గరే పెద్ద గుంట ఉంది. కాన్ఫిగ్ ఫోల్డర్‌లో రెగ్‌బ్యాక్ అనే ఫోల్డర్ ఉంటుంది. పాత వీడియోల్లో, పాత పుస్తకాల్లో, అందులోని ఫైళ్లను తెచ్చి హైవ్‌ల మీద వేసేయమని చెబుతారు. ఒకప్పుడు అది సరైన సలహాయే. 2018లో వచ్చిన విండోస్ 10, 1803 వెర్షన్ నుంచి విండోస్ ఆ ఫోల్డర్‌లోకి నకళ్లు తీయడం మానేసింది. డిస్కులో చోటు మిగలాలని అలా మార్చామని మైక్రోసాఫ్ట్ వివరణ. అంటే అక్కడ పేర్లు ఉంటాయి, లోపల సరుకు ఉండదు, సైజు సున్నా. ఆ సున్నా ఫైళ్లను తెచ్చి హైవ్‌ల మీద వేస్తే కొంచెం చెడిన రిజిస్ట్రీ పూర్తిగా తుడిచిపెట్టుకుపోతుంది. కాబట్టి సైజు చూడకుండా కాపీ చేయకండి, ఎవరినీ చేయనివ్వకండి. సైజు నిజంగా ఉంటే పాత హైవ్‌లను చెరపకుండా పేరు మార్చి పక్కన పెట్టి, అయిదింటినీ ఒకే తేదీవి తెచ్చి పెట్టాలి. ఒకటి నేటిది, ఒకటి నిరుటిది కలిపితే కుదరదు.

వీటితో విండోస్ ఎలాగో తెరుచుకుని, లోపల మాత్రం అక్కడొకటి ఇక్కడొకటి పనిచేయకపోతే, అదే వెర్షన్ విండోస్‌ను లోపలి నుంచే పైన మళ్లీ ఎక్కించవచ్చు. సాఫ్ట్‌వేర్లు, ఫైళ్లు, సెట్టింగులు ఉంచాలనే గుర్తు ఉండేలా చూసుకోండి. విండోస్ 11 కొత్త వెర్షన్లలో రికవరీ సెట్టింగుల్లో దీనికి రీఇన్‌స్టాల్ నౌ అనే బటన్ కూడా ఇచ్చారు. రీసెట్ దిస్ పీసీ మాత్రం వేరు. అందులో కీప్ మై ఫైల్స్ అన్నా మీరు ఎక్కించుకున్న సాఫ్ట్‌వేర్లన్నీ పోతాయి, యూజర్ ఫోల్డర్ బయట పెట్టుకున్న ఫైళ్లు ఉంటాయని నమ్ముకోకూడదు.

షాపుకు ఇచ్చేటప్పుడు

ఇన్ని చేసే ఓపిక, సమయం అందరికీ ఉండవు. బోధన్‌కో నిజామాబాద్‌కో తీసుకెళ్లి ఇవ్వడంలో తప్పు లేదు. కానీ ఏం కావాలో మీరు చెప్పి ఇవ్వండి: "ముందు డేటా తీసి నాకు చూపించండి, నన్ను అడగకుండా ఫార్మాట్ చేయవద్దు." ఈ మాటను రసీదు మీద రాయించుకోండి. డిజిటల్ సంతకం టోకెన్, దాని పిన్ షాపులో వదలకండి. మీసేవ, బ్యాంకు పాస్‌వర్డులు బ్రౌజర్‌లో దాచి ఉంటే వేరే కంప్యూటర్ నుంచి మార్చేయండి. రైతుల ఆధార్, పాస్‌బుక్కుల స్కాన్‌లు అందులో ఉంటాయి, అవి మీ సొత్తు కావు, మీ దగ్గర నమ్మకంతో ఉంచినవి. డిస్కు మార్చాల్సి వస్తే పాత డిస్కు అడిగి తీసుకోండి. ఫార్మాట్ తప్పదని తేలితే, విండోస్ తెరుచుకునే స్థితిలో ఉంటే గనక, ముందుగా టాలీలో లైసెన్స్ సరెండర్ చేయండి. తర్వాత మళ్లీ యాక్టివేట్ చేసుకోవడం తేలికవుతుంది.

ముందే చేసి పెట్టుకోవాల్సినవి

విండోస్ 98 రోజుకొకసారి, కంప్యూటర్ బాగా లేచినప్పుడు, రిజిస్ట్రీ నకలు తీసి అయిదు నకళ్ల దాకా దాచుకునేది. ఇప్పటి విండోస్ దానంతట అది అలా దాచదు. సిస్టమ్ రీస్టోర్ కూడా చాలా కంప్యూటర్లలో ఆపేసి ఉంటుంది. కంప్యూటరే చూసుకుంటుందనుకోవడం వల్లే ఇంత నష్టం. స్టార్ట్‌లో క్రియేట్ ఎ రీస్టోర్ పాయింట్ అని వెతికి, విండోస్ ఉన్న డ్రైవ్‌కు ప్రొటెక్షన్ ఆన్ చేసి, 5 నుంచి 10 శాతం చోటు ఇవ్వండి. కొత్త డ్రైవరు, కొత్త వేలిముద్రల మిషను ఎక్కించే ముందు ఒక పాయింట్ తీయండి.

రెగ్‌బ్యాక్‌ను కూడా మళ్లీ పనిలో పెట్టవచ్చు. రెగ్ఎడిట్‌లో హెచ్‌కీ లోకల్ మెషీన్, సిస్టమ్, కరెంట్ కంట్రోల్ సెట్, కంట్రోల్, సెషన్ మేనేజర్, కాన్ఫిగరేషన్ మేనేజర్ వరకు వెళ్లి, ఎనేబుల్ పీరియాడిక్ బ్యాకప్ అనే మూడు మాటల్ని ఖాళీ లేకుండా కలిపి రాసి, ఆ పేరుతో 32 బిట్ డీవర్డ్ ఒకటి సృష్టించి విలువ 1 ఇవ్వాలి. రీస్టార్ట్ చేసిన తర్వాత కొద్ది రోజులు చూసి, ఆ ఫోల్డర్‌లో సైజులు సున్నా నుంచి పెరిగాయో లేదో సరిచూసుకోవాలి. ఇది తెలిసినవాళ్ల చేత చేయించుకున్నా సరే.

యూపీఎస్ గురించి కొంచెం గట్టిగా చెబుతాను. బ్యాటరీ చచ్చిన యూపీఎస్ ఉన్నా లేనట్టే, చిన్న యూపీఎస్‌ల బ్యాటరీలు రెండు మూడేళ్లకు బలహీనపడతాయి. నెలకొకసారి మెయిన్ స్విచ్ తీసి, కంప్యూటర్ షట్‌డౌన్ అయ్యేంత సేపైనా నిలబడుతుందో లేదో చూడండి. లేజర్ ప్రింటర్‌ను దానికి తగిలించకండి, ప్రింట్ తీసేటప్పుడు అది లాగే కరెంటుకు చిన్న యూపీఎస్ కుప్పకూలుతుంది. ఇన్వర్టర్ మీదే కంప్యూటర్ నడిపేవాళ్లు ఇన్వర్టర్ వెనకవైపు మీటను యూపీఎస్ మోడ్‌లో పెట్టాలి. మామూలు మోడ్‌లో కరెంటు మారే ఆ క్షణం ఫ్యాను ఓర్చుకుంటుంది, కంప్యూటర్ ఓర్చుకోదు.

అడ్మినిస్ట్రేటర్ హక్కులతో రెండో యూజరు ఖాతా ఒకటి తెరిచి పాస్‌వర్డు కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి, మొదటిది చెడినప్పుడు అదే దారి. బిట్‌లాకర్ కీ, టాలీ సీరియల్ నంబరు, వేలిముద్రల మిషను డ్రైవరు, అను సాఫ్ట్‌వేర్ సెటప్, ఇవన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో, కీ మాత్రం కాగితం మీద కూడా. టాలీ బ్యాకప్ రోజూ సాయంత్రం బయటి డిస్కులోకి పోవాలి. బ్యాకప్ కాగానే ఆ డిస్కును తీసి పక్కన పెట్టాలి, తగిలించే ఉంచితే పిడుగుకైనా వైరస్‌కైనా రెండూ కలిసే పోతాయి.

ఇంకా విండోస్ 10 మీద ఉన్నవాళ్లు గుర్తుంచుకోవాల్సిన తేదీ 2025 అక్టోబర్ 14. ఆ రోజుతో దానికి మామూలు సపోర్టు ముగిసింది. ఇళ్లలో, వ్యక్తిగతంగా వాడుకునే కంప్యూటర్లకు అదనపు సెక్యూరిటీ అప్‌డేట్ల పథకంలో చేరితే 2026 అక్టోబర్ 13 దాకా గడువుంది. కంప్యూటర్ మార్చే ఆలోచన ఉంటే కొనుగోళ్ల హడావిడిలో పెట్టుకోకండి, వానాకాలం నాట్లు అయ్యాక కాస్త ఖాళీ దొరికే రోజుల్లో మార్చండి.

ఇప్పుడు మీ కంప్యూటర్ బాగానే లేస్తోంది కదా. ఈ సాయంత్రం షాపు మూసేముందు రెండే రెండు చూడండి: సిస్టమ్ ప్రొటెక్షన్ ఆన్‌లో ఉందా, రెగ్‌బ్యాక్‌లో ఫైళ్ల సైజు సున్నాయేనా. సున్నా అయితే, ఇంటికి వెళ్లే ముందే ఒక రీస్టోర్ పాయింట్ తీసి, టాలీ డేటా బయటి డిస్కులోకి వేసి వెళ్లండి.